రాజరత్నం కట్టిన ఒకే ఒక్క రాతి ఆర్చి

పాలకొల్లు చుట్టుపక్కల రాజరత్నం మేస్త్రి కట్టిన డాబాలు చాలానే ఉన్నాయి. అన్నీ ఇటుకా, సిమెంటూ. రాతి పని జోలికి ఎప్పుడూ పోలేదు.

తొంభై ఆరు తుఫానులో వాళ్ల ఊరి చర్చి గుమ్మం మీద చెట్టు పడి, పైనున్న రాతి ఆర్చి కూలిపోయింది. లావుపాటి గోడలు మాత్రం చెక్కుచెదరలేదు.

"స్లాబేసేద్దామండి, చిటికెలో పని," అన్నాడు రాజరత్నం.

పాస్టరు విజయ్ పాల్ గారు ఒప్పుకోలేదు. "కిటికీలన్నిటికీ ఆర్చీలుండి గుమ్మానికి స్లాబేంటండీ? కోటేసుకుని కింద లుంగీ కట్టుకున్నట్టుంటుంది."

రాజరత్నానికి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే సరేననేశాడు. తనకి రాతి పని రాదన్న సంగతి ఇంటికెళ్లాక గానీ గుర్తుకు రాలేదు.

మర్నాడు పడిపోయిన రాళ్లన్నీ ఏరి, చర్చి ఆవరణలో ఇసుక మీద వరసగా పేర్చి చూశాడు. ప్రతి రాయీ ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నం. వెడల్పు పైకి పెడితే కిందికి జారే చోటే లేదు, పక్క రాయి పట్టేస్తోంది. ఆ తోపుడంతా చివరికి రెండు పక్కలా గోడల్లోకి దిగుతుంది. గోడలు అంత లావెందుకో అప్పుడు తెలిసింది. ఆ రాత్రి అన్నం తింటూ భార్య సంపూర్ణమ్మకి ఇదే చెప్పాడు. ఆవిడ ఊఁ కొడుతూ పులుసు వడ్డించింది.

విరిగిన వాటికి బదులు కొత్త రాళ్లు చెక్కించి, సరివి కర్రలు బాదులుగా పాతి, వాటి మీద చెక్క అచ్చు నిలబెట్టి, గానుగ సున్నంతో ఆర్చి కట్టాడు. బాదులు తీయడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఎప్పుడడిగినా "సున్నం ఇంకా ఆరాలండి" అనేవాడు. ఆదివారాలు జనం బాదుల మధ్య ఒదిగి ఒదిగి లోపలికెళ్లేవారు.

"వచ్చేవారం మా అమ్మాయి రెబెక్కా పెళ్లండి," అన్నారు పాస్టరు గారు. "పెళ్లికూతురు కూడా ఇలాగే దూరాలా?"

ఇక తప్పలేదు. బాదులు ఒక్కొక్కటే తీయించి, అచ్చు దించాడు. పైన టక్కుమంది. కాస్త సున్నం రాలింది. అంతే, మేస్త్రితో సహా అందరూ రోడ్డు దాకా పరుగు.

సరిగ్గా అప్పుడే పక్క గేటులోంచి క్యారేజీతో వచ్చిన సంపూర్ణమ్మ, గుమ్మంలో నీడగా ఉందని ఆర్చి కిందే చతికిలబడింది.

"లేచి ఇవతలకి రావే!" అని అరిచాడు రాజరత్నం.

"ఎందుకండీ? పడదని మీరే కదా చెప్పారు?"

రాజరత్నం వెళ్లి పక్కనే కూర్చున్నాడు. మొదటి ముద్ద పైకి చూస్తూనే మింగాడు. చేపల పులుసు దగ్గరికొచ్చేసరికి పైకి చూడటం మర్చిపోయాడు.

రెబెక్కా దర్జాగా ఆ గుమ్మంలోంచే నడిచొచ్చింది. ఆ తర్వాత ఆర్చి కట్టమని రాజరత్నాన్ని ఎవరూ అడగలేదు. అందరికీ స్లాబులే కావాలి. ఉండబట్టలేక పెరట్లో కోళ్లగూటికి ఇటుకలతో చిన్న ఆర్చి పెట్టి, వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. గుడ్లు తీయడానికి చెయ్యి పట్టక సంపూర్ణమ్మ రోజూ తిడుతూనే ఉండేది.