మంచు కింద మార్జరీగారి చేపలు

మొన్న జూన్‌లో తొలి వానలు పడ్డాక, మా చూరు గొట్టంలో ఇరుక్కున్న ఆకులు తీద్దామని నిచ్చెనెక్కి చెయ్యి పెడితే, నల్లగా మెత్తగా నానిపోయిన ముద్ద ఒకటి చేతిలోకి వచ్చింది. ఆ వాసన తగిలేసరికి పెర్త్‌లో మా పియారా వాటర్స్ ఇల్లూ, కింద నిచ్చెన పట్టుకుని "మమ్, హరీ అప్" అంటున్న మా అమ్మాయీ ఓ క్షణం పక్కకి జరిగిపోయారు. నేను తొమ్మిదేళ్ల పిల్లనై, ఉన్ని టోపీ చెవులదాకా లాక్కుని, ఆర్మిడేల్‌లో మా పెరటి చేపల గుంట ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాను.

ఆస్ట్రేలియా అంటే ఎండా ఇసకా అనుకునేవాళ్లకి ఆర్మిడేల్ చలి చెప్పినా నమ్మకం కలగదు. సిడ్నీకి ఉత్తరాన, కొండల మీద ఎత్తున ఉన్న ఊరది. ఈస్టర్ నాటికి వీధి పొడుగునా చెట్లు పసుపూ ఎరుపూ రంగులు తిరిగి, వారం రోజుల్లో ఒళ్లంతా దులిపేసుకునేవి. మే నెల వచ్చేసరికి ప్రతి ఇంటి పొగగొట్టంలోంచీ కట్టెల పొగ లేచేది. పొద్దున్నే తలుపు తీస్తే గడ్డి మీద పిండి జల్లినట్టు తెల్లగా మంచు, తీగ మీద మర్చిపోయిన నాన్న చొక్కా అప్పడంలా బిగుసుకుపోయి, పట్టుకుంటే విరుగుతుందేమో అనిపించేది. వంటింట్లో మాత్రం అమ్మ కాచే మిరియాల చారు ఘాటూ, తాతయ్య కోసం ఎవరో ఇండియా నుంచి మోసుకొచ్చిన ఉలవల వాసనా, పొయ్యి పక్కన ఆరబెట్టిన మేజోళ్ల వాసనా కలిసి, అదో వెచ్చటి లోకం. నాకు ఉబ్బసం. చలిగాలి తగిలితే పిల్లికూతలొచ్చేవి. అందుకని అమ్మ నన్ను బడికి పంపకుండా ఆ వంటింటి బల్ల దగ్గరే చదివించింది. లెక్కలూ ఇంగ్లీషూ ప్రభుత్వంవారు పంపిన పుస్తకాల్లోంచి, తెలుగు మా పాత బైబిల్లోంచి. అప్పుడు జబ్బని ఏడ్చాను కానీ, ఇవాళ ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ ఉబ్బసానికి కూడా దేవుడికి స్తోత్రం చెప్పుకోవాల్సిందే.

నాన్న అక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. మేం అద్దెకున్న ఇల్లు మార్జరీగారిది. ఎనభై దాటిన ముసలావిడ. తుంటి ఎముక విరిగాక ఒంటరిగా ఉండలేక, ఊళ్లోనే ఉన్న వృద్ధుల ఇంటికి మారిపోయారు. ఇల్లు అప్పగించిన రోజున గోడల మీద మరకల గురించీ మేకుల గురించీ ఏమీ మాట్లాడలేదు. చేతికర్ర ఊతంగా పెరట్లోకి నడిచి, మంచం కంటే కాస్త పెద్దదైన ఓ రాతి గుంట దగ్గర ఆగారు. పోయిన భర్త టెడ్ తన చేత్తో తవ్విన గుంట అది. అందులో పదకొండు గోల్డ్ ఫిష్‌లు. "ఏంజాక్ డే దాటాక వీటికి ఏమీ పెట్టకండి. మ్యాగ్‌పై పిట్టలు మనుషుల్ని తరమడం మొదలెట్టాక మళ్లీ పెట్టండి. వసంతంలో నేనొచ్చి చూసుకుంటాను," అన్నారు ఇంగ్లీషులో. ఏప్రిల్ చివర్నించి సెప్టెంబర్ దాకా అన్నమాట. ఆవిడ చూస్తున్నది మాత్రం అమ్మనీ నాన్ననీ కాదు, మా తాతయ్యని. ఆయన "ఎస్ మేడమ్, ఎస్ మేడమ్, ఐ విల్ సీ," అని గుండె మీద చెయ్యి వేసుకుని మాటిచ్చాడు.

తాతయ్య అంటే అమ్మ నాన్న, రత్నంగారు. కొల్లేరు అంచున ఆకివీడు వైపు మనిషి. జన్మంతా చేపల చెరువుల మీదే బతికాడు. అమ్మమ్మ పోయాక అమ్మ పట్టుబట్టి తెచ్చుకుంది. ఆ పరాయి ఊళ్లో చెయ్యడానికి పనిలేక, చెప్పుకోవడానికి మనిషి లేక, నాలుగు నెలలు కిటికీ దగ్గర కూర్చున్న మనిషికి ఆ పదకొండు చేపలూ ప్రాణం పోశాయి. మార్జరీగారి కారు మలుపు తిరగ్గానే నవ్వాడు.

"ఇదేం చెరువే, గేదె పడుకునే గుంటలా ఉంది. ఎకరాలకి ఎకరాలు పెంచిన చెయ్యి ఇది. ఐదు నెలలు మేత మానిపించాలంట! మన ఇంట్లో కుక్కని పస్తుపెట్టి మనం తిన్నావా ఎప్పుడైనా?"

"ఆవిడతో ఎస్ మేడమ్ అన్నావుగా నాన్నా," అంది అమ్మ.

"పెద్దావిడ ఎదురుగా నిలబడి చెప్తుంటే కాదంటావేంటి, మర్యాద ఉండద్దూ?"

అలా మర్యాదకి తల ఊపి, తనకి తెలిసిన పనే చేశాడు. మా వైపు చెరువుల్లో తవుడు సంచికి చిల్లులు పెట్టి కర్రలకి వేలాడదీస్తారట. చేపలు వచ్చి పొడుచుకుని తింటాయి. తాతయ్య గోధుమ తవుడు తెప్పించి, ఓ బుల్లి సంచి కుట్టి, గుంట మధ్యలో వేలాడదీశాడు. మబ్బేసిన రోజుల్లో మన దగ్గర చేపలు గాలాడక పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి కాబట్టి, నీళ్లు కలబెట్టి గాలి పట్టించాలి. అందుకని ఆకులు ఊడ్చే దంతెతో రోజూ పొద్దున్నే గుంటని అడుగుదాకా కెలికేవాడు. నేను పక్కన నిలబడి చేపల్ని లెక్కపెట్టేదాన్ని. ఆయనంత తెలిసినవాడు ఆ ఊళ్లోనే ఉండడని నా గర్వం.

జూన్ మొదటి వారంలో ఓ పొద్దున్న రెండు చేపలు పక్కకి ఒరిగి తేలాయి. మూడో రోజు ఇంకొకటి. నాన్న ముందు వేళాకోళమే ఆడారు. "మావయ్యగారూ, పులుసులోకైనా చెప్పుంటే చింతపండు నానబెట్టేవాళ్లం కదా." తాతయ్య నవ్వలేదు. చేపని అరచేతిలో పెట్టుకుని పొట్ట నొక్కి చూశాడు. అది గట్టిగా ఉబ్బి ఉంది. తిన్నది తిన్నట్టే ఉంది. ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రం నన్ను పిలిచి, "నువ్వు చదివిపెట్టవే, చలినీళ్లల్లో చేప సంగతి ఏం రాశారో," అని లైబ్రరీకి తీసుకెళ్లాడు. చల్లబడ్డ చేపకి అరుగుదల ఉండదనీ, లోపలే కుళ్లిపోతుందనీ, అడుగున మిగిలిన కాస్త వెచ్చదనమే దానికి దుప్పటనీ, కెలికితే ఆ దుప్పటి లాగేసినట్టేననీ నేను తెలుగు చేసి చెబుతుంటే, చెవులొగ్గి విన్నాడు. "అయితే ఆవిడ చెప్పిందే నిజం. నేనే చంపేను," అన్నాడు.

ఆ ఆదివారం సంగతి నేను మర్చిపోలేను. ఆరాధన అయ్యాక చర్చి వెనక హాల్లో టీ ఇస్తారు. వృద్ధుల ఇంటి బస్సులో మార్జరీగారు కూడా వచ్చేవారు. తాను చెబుతానన్న అమ్మని వద్దని, కోటు బొత్తాలు పెట్టుకుని, దారి పొడుగునా వల్లె వేసుకున్న ఇంగ్లీషుతో తాతయ్య ఆవిడ కుర్చీ ముందు నిలబడ్డాడు.

"మేడమ్, త్రీ ఫిష్ డైడ్. యు టోల్డ్. ఐ సెడ్ ఎస్, బట్ ఐ గేవ్ ఫుడ్. మై మిస్టేక్."

టెడ్ చేపలు. ఆవిడ కప్పు సాసర్లో పెట్టేశారు. ఏవి పోయాయని అడిగారు. రెండు ఎర్రవీ, ఒకటి తోక తెల్లదీ అన్నాడు తాతయ్య. తెల్ల తోకదాని పేరు చెప్పుకుని ఆవిడ కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత, "ఎనిమిదున్నాయి కదా. వాటిని అలా వదిలెయ్యండి, మిస్టర్ రత్నం. మంచు గడ్డకడితే పైన చిన్న కిటికీ ఒకటి తెరిచి ఉంచండి, చాలు," అన్నారు. అలా నిజం ఒప్పుకున్నందుకు ఆయన చిన్నబోలేదు. నా కళ్లకి ఇంకా పొడుగయ్యాడు.

వదిలెయ్యడమే ఆయనకి చేతకాని పని. తవుడు సంచి పొయ్యిలో పడింది. చేతులు ఊరుకోక, వెదురు పుల్లకి దారం చుట్టి, నిప్పు దగ్గర కూర్చుని వారం రోజులు వల అల్లాడు. గాలికి కొట్టుకొచ్చే ఆకులు పడకుండా, మగతలో ఉన్న చేపల కోసం గోడ మీద కాచుక్కూచునే కొంగకి అందకుండా దాన్ని గుంట మీద బిగించాడు. రోజుకి పదిసార్లు వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, నీళ్లలోకి చూసి వచ్చేవాడు. చేపలు కనపడేవి కావు. అడుగున ఎక్కడో నల్లటి నీళ్లలో దాక్కున్నాయి. ఉన్నాయో, పోయి అడుగున పడున్నాయో తెలియదు. "కెలికితే తెలుస్తుంది," అనేదాన్ని నేను. "తెలుసుకోడానికే చంపేస్తావేంటే?" అనేవాడు.

జూలైలో ఓ వారం గుంట మీద గడ్డ కట్టింది. మధ్యాహ్నం ఎండకి కూడా కరగలేదు. కింద కుళ్లే ఆకుల గాలి బయటికి పోకపోతే చేపలు ఉక్కిరిబిక్కిరై పోతాయని పుస్తకంలో చదివాం. నాన్న గునపం తెచ్చారు.

"ఒక్క పోటు చాలు మావయ్యగారూ."

"వద్దు బాబూ. మేం పడవ అంచు మీద కర్రతో కొడితే కొల్లేట్లో చేపలు బెదిరిపోయి వల్లో దూరేవి. నీళ్లల్లో చప్పుడు అంత దెబ్బ. ఈ గుంటలో అవెక్కడికి పారిపోతాయి? గుండాగి చస్తాయి."

వేడినీళ్లు పొయ్యడమూ ప్రమాదమేనట. అందరం చేతులు నలుపుకుంటూ నిలబడితే, అప్పుడే అన్నం దించిన అమ్మ వంటింటి గుమ్మంలోంచి, "ఈ గిన్నె పెడితేనో?" అంది. అంతే. అన్నం గిన్నెకి మూత బిగించి, రెండు చెవులకీ తాడు కట్టి, గడ్డ మీద మెల్లగా ఆనించాడు తాతయ్య. సుయ్యిమని ఆవిరి లేచింది. మేం ఊపిరి బిగబట్టి చూస్తుంటే కాసేపటికి గిన్నె అంగుళం దిగింది. తాడు పట్టి లాగితే కింద గుండ్రంగా, చెక్కినట్టు, ఓ కిటికీ. తాతయ్య దాని మీదికి వంగి వాసన చూసి, "కుళ్లు వాసన పోతోంది," అన్నాడు తృప్తిగా. ఆ రోజు నుంచి మా ఇంట్లో తెల్లారేసరికే అన్నం ఉడికేది. గిన్నె ముందు గుంట మీదికి వెళ్లి, తర్వాత మా బల్ల మీదికొచ్చేది. "చేపలకి వడ్డించాకే మనకి," అని నాన్న గొణిగేవారు కానీ, తాడు రెండో కొస పట్టుకున్నది ఆయనే. అమ్మ నాకు వృత్తాల లెక్కలన్నీ ఆ కిటికీ మీదే నేర్పింది.

సాయంత్రం కుటుంబ ప్రార్థనలో తాతయ్య దేశాన్ని పాలించేవాళ్ల దగ్గర్నించి ఆకివీడులో జబ్బుపడ్డ బంధువుల వరకూ పేరుపేరునా ప్రార్థించేవాడు. చేపల సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. అది పసితనం అనుకునేవాడేమో. ఆ వారంలో ఓ సాయంత్రం ఆమెన్‌కి ముందు ఆగాడు. "ప్రభువా, మాకు కనపడని ఆ ఎనిమిదింటినీ జ్ఞాపకం చేసుకో," అన్నాడు. నాన్న నవ్వాపుకోలేక దగ్గారు. అమ్మ ఆయన మోచేతి మీద గిల్లింది. నేను మాత్రం గట్టిగా ఆమెన్ అన్నాను.

ఆగస్టు చివర్న వాటిల్ చెట్లు పసుపు బంతుల్లా పూశాయి. సెప్టెంబర్‌లో పోస్టాఫీసు దగ్గర మ్యాగ్‌పై ఒకటి నాన్న టోపీ ఎగరగొట్టిందని తెలియగానే తాతయ్య ఆదివారం కోటు తీసి వేసుకున్నాడు. నాన్న కారులో మార్జరీగారిని తెచ్చి, గుంట పక్కన కుర్చీ వేశారు. తాతయ్య తన చేత్తో వల విప్పాడు. నీళ్లు చిక్కటి పచ్చగా ఉన్నాయి, ఏదీ కదలడం లేదు. ఆవిడ చిటికెడు మేత చల్లారు. అది తేలుతూనే ఉంది. అమ్మ తెచ్చిన టీ మీద మీగడ కట్టింది. నేను తాతయ్య కోటు అంచు పట్టుకుని నిలబడ్డాను.

ముందు ఓ మూల నీళ్లు కొద్దిగా ముడత పడ్డాయి. అడుగునించి ఎర్రటి నీడ ఒకటి, తొందరేమీ లేనట్టు పైకొచ్చి, మేత అందుకుని మళ్లీ దిగింది. దాని వెనక ఇంకోటి. తర్వాత మూడు ఒక్కసారి. నేను వేళ్ల మీద లెక్కపెడుతున్నాను. ఆరు. ఏడు. ఎనిమిదోదాని కోసం అందరం చాలాసేపు చూశాం. రాలేదు.

"సెవెన్, మేడమ్," అన్నాడు తాతయ్య తల దించుకుని.

మార్జరీగారు ముందు కళ్లు తుడుచుకున్నారు, తర్వాత నవ్వడం మొదలెట్టారు. "టెడ్ ఏటా సగం పోగొట్టేవాడు, మిస్టర్ రత్నం. సెప్టెంబర్ వచ్చేసరికి నాకు తెలియకుండా కొట్లోంచి కొత్తవి తెచ్చి వదిలేవాడు. నాకు తెలియదనుకునేవాడు పాపం. మీరు తెచ్చి కలపలేదు." నేను దాన్ని తెలుగు చేసి చెప్పేసరికి తాతయ్య ఓ క్షణం అర్థంకానట్టు చూసి, తర్వాత నవ్వాడు. ఈ దేశం వచ్చాక ఆయన అంత గట్టిగా నవ్వగా వినడం నాకదే మొదలు. ఆ సాయంత్రం ఇద్దరూ చెరో భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎవరికి ఎంత అర్థమైందో తెలియదు కానీ, మధ్యలో నన్ను పిలవలేదు.

ఇంకో నాలుగు చలికాలాలు ఆ గుంటని కాచాం. చేపలు పిల్లల్ని పెట్టాయి. మార్జరీగారు ముందు వెళ్లిపోయారు, తర్వాత తాతయ్య. ఇద్దరూ ఆ ఊరి శ్మశానంలోనే, ఒకే కొండవాలున ఉన్నారు. ఇల్లు అమ్ముడుపోయింది. చేపల్ని దగ్గర్లోని ఓ బడి తొట్టికి అప్పగించి, మేం సిడ్నీలో రౌస్ హిల్‌కి మారిపోయాం. నాకు ఉబ్బసం తగ్గింది. కొండల చలికి వణుకుతూ బతికిన ఆ ఐదారేళ్లలో నాకు దొరికినంత వెచ్చదనం మళ్లీ ఎక్కడా దొరకలేదు. ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తెలిసినదాన్ని కాబట్టి రోజూ చెప్పుకుంటున్నాను.

పోయిన జూలైలో మా అమ్మాయిని తీసుకుని ఆర్మిడేల్ వెళ్లాను. ఆ ఇంటి తలుపు కొడితే, చంకలో పసిపిల్లతో ఓ అమ్మాయి తీసి, సంగతి విని పెరట్లోకి రానిచ్చింది. పొగగొట్టం లేదు. వీధి చెట్లు సగం కొట్టేశారు. గుంట ఉన్నచోట మట్టి పూడ్చి, పిల్లలు గెంతే ట్రాంపొలిన్ పెట్టారు. దాని నల్లటి గుడ్డ మీద మంచు తెల్లగా మెరుస్తోంది. ఇక్కడ చేపలుండేవని చెప్పాను.

"రియల్లీ? హౌ మెనీ?" అంది ఆ అమ్మాయి.

ఏ ఏటి లెక్క చెప్పాలా అనుకుంటూ ఆ మంచు వంక చూశాను.

"సెవెన్," అన్నాను.