దిష్టి నీళ్లకు ఎరుపు రాలేదు

ఏడో తరగతి మధ్యలో నేను బడి మానేశాను. బడి కూడా నన్ను పెద్దగా వెతుక్కోలేదు. అప్పటి నుంచి జహీరాబాద్ గోడలకు సున్నం వేసుకుంటూ బతుకుతున్నాను. అలాంటి నన్ను మొన్న బిడ్డ బడికి పిలిపించి, లెక్కల సారు ఒక కాగితం చేతిలో పెట్టాడు.

"మీ బిడ్డకు బేస్ వీక్ ఉంది మేస్త్రీ. ఇంటర్‌ల సైన్సు తట్టుకోదు. ఆర్ట్స్ అని రాసి, సంతకం పెట్టి రేపు తే."

పిల్లకేమో ఎప్పటికైనా ల్యాబ్‌లో పనిచేయాలని ఆశ. ఇంటికొచ్చాక నేనే అడిగాను.

"ఇంతకూ బేస్ అంటే ఏంది బిడ్డా?"

"ఏ బేస్ నాయినా? త్రిభుజం కింది గీత బేసే. మనం పదుల లెక్కన లెక్కపెడతం గదా, ఆ పదీ బేసే. కెమిస్ట్రీల నీ సున్నం గూడ బేసే."

"వారెవ్వా, చదువుకున్నోళ్లు! నేను నిచ్చెననూ కుంచెనూ బకీటునూ ఒకటే పేరుతోని పిలిస్తే, ఇంటాయన ఏది దొరికితే దానితోనే కొడతడు."

పిల్ల నవ్వింది గానీ చూపు కాగితం మీదే ఉంది.

నా భార్యకు ఈ గొడవలేవీ పట్టవు. పిల్లకు దిష్టి తగిలిందని ఒక్క మాటలో తేల్చేసింది. పళ్లెంలో నీళ్లు పోసి, పసుపు కలిపి, ఎర్రబడటానికి సున్నం అడిగింది. నేను పెద్ద డాక్టరులాగా మూలనున్న సంచిలోంచి పిడికెడు తీసిచ్చాను. కలిపింది. ఇంకా కలిపింది. నీళ్లు పచ్చగానే ఉన్నాయి.

"పసుపు కల్తీది," అన్నాను.

"పసుపు మంచిదే. నీ సున్నమే పాడైంది నాయినా. సంచి మూతి ఎప్పటిసంది తెరిచిపెట్టినవ్?"

"వానలప్పటి సంది."

"ఇంకేం, గాలి తగిలి సుద్ద అయిపోయింది." అని పిల్ల, వాళ్లమ్మ పాన్ డబ్బాలోంచి వేలికొనంత సున్నం తీసి కలిపింది. నీళ్లు ఎర్రబడ్డాయి. నా ముఖం కూడా.

మర్నాడు ఝరాసంగంలో ఒక పెళ్లింటికి వేయాల్సింది ఆ సంచే. వేసి ఉంటే, ఆ సుద్ద గోడకు పట్టక, ఆనుకున్న చుట్టాలంతా తెల్లబడి ఇళ్లకు పోయేవాళ్లు. ఇన్నేళ్లు సున్నంలో మునిగినా, నాకు తట్టలేదు మరి.

పెన్ను పిల్లకిచ్చాను.

పొద్దున సారు కాగితం చూసి కళ్లద్దాలు సర్దుకున్నాడు. "సైన్సు అని ఎవరు రాసిన్రు?"

"తెలిసిన మనిషే రాసింది సార్. నేను సంతకమే పెట్టిన."

సారు కాగితం తిప్పి తిప్పి చూశాడు, నా సంతకంలోనైనా తప్పు దొరుకుతుందేమోనని.