చిన్నాయన కొలవని నీళ్ళు

నా చిన్నప్పుడు బెంగళూరు కాటన్‌పేటలోని మా ఇంట్లో సముద్రం చూసిన మనిషి ఒక్కడే, మా చిన్నాయన. తక్కినవాళ్ళకు సముద్రమంటే ఆయన సెలవుల్లో వచ్చి చెప్పే కబుర్లే. సముద్రాన్ని పరిశోధించే ఓడలో ఆయనకు ఉద్యోగం. నాలుగు గంటలకోసారి బకెట్టుతో నీళ్ళు తోడి, థర్మామీటరు ముంచి, నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో, గాలి ఎటు వీస్తోందో, అలలు ఎంత ఎత్తున లేస్తున్నాయో నోటుబుక్కులో రాయాలి. నీళ్ళ వేడి రాసేదానికి కూడా జీతమిస్తారా అని మా అవ్వ నవ్వేది.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా చిన్నాయన ఆ ఓడలోనే జ్వరం తగిలి పోయాడు. మా నాన్న ఓడ ఆగిన రేవు ఊరికి వెళ్ళి, అక్కడే కర్మలు జరిపించి, ఒక రేకు పెట్టె, కెప్టెన్ ఇంగ్లీషులో రాసిన చిన్న జాబు తీసుకొని తిరిగొచ్చాడు. ఆయన వెళ్ళేసరికే ఓడ మళ్ళీ బయలుదేరిపోయిందట. ఏం జరిగిందో అడుగుదామంటే మనిషి దొరకలేదు. ఆ జాబును మా తాతయ్య అవ్వకు చదివి వినిపించాడు. కడపటి ఘడియలో "అమ్మా" అని పిలిచి కన్ను మూశాడని చెప్పాడు. ఆ ఒక్క మాట పట్టుకొని అవ్వ రోజులు వెళ్ళదీసింది. పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పుకొని ఏడ్చేది.

రెండు నెలలకు చిన్నాయన ఆఫీసు నుంచి మరో జాబు వచ్చింది. ఆయన సామాన్లలో ఓడ నోటుబుక్కు ఒకటి పొరపాటున కలిసిపోయిందని, దాన్ని భద్రపరచాలి కనుక పంపమని అందులో ఉంది. పెట్టె అడుగున వెతికితే దొరికింది. ఉప్పునీళ్ళు తగిలి అట్ట ఉబ్బింది, కాగితాలు పెళుసెక్కాయి. పెన్సిలుతో రాశాడు కాబట్టి అంకెలు చెదరలేదు. తాతయ్య బట్టల మండీలో ఏళ్ళ తరబడి గుమాస్తాగా చేసిన మనిషి. పోస్టులో పోతే ఈ కాగితాలు పొడైపోతాయని, సాపు ప్రతి ఒకటి రాసి రెండూ కలిపి పంపుదామని అన్నాడు. పెన్సిలు రాత ఆయన కళ్ళకు సరిగా ఆనదు. అందుకని నేను చదవాలి, ఆయన రాయాలి.

రోజూ బడి నుంచి రాగానే అదే పని. ఎప్పుడో ఉన్న నీళ్ళ లెక్క ఇప్పుడెందుకు అని ఒకరోజు విసుక్కున్నాను. తాతయ్యకు కోపం రాలేదు.

"ఆ పొద్దు ఆ తావున ఉండిన నీళ్ళు మళ్ళీ వస్తాయా పాపా? అవి చూసినోడు మనోడొక్కడే. ఈ బుక్కు పోతే ఆ దినం సముద్రం ఎట్ల ఉండిందో చెప్పేకి ఎవురూ ఉండరు" అన్నాడు.

చివరి పేజీకి వచ్చాం. చిన్నాయన ముందుగానే గీతలు గీసి, మూడు రోజులకు సరిపడా టైములు వేసి పెట్టుకున్నాడు. మొదటి రోజు మధ్యాహ్నం దాకా అంకెలున్నాయి. ఆ తర్వాత గడులన్నీ ఖాళీ. తాతయ్య పెన్ను పట్టుకొని నా నోటి వైపు చూస్తున్నాడు. ఖాళీ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇరవై ఎనిమిది పాయింట్ నాలుగు అన్నాను. ఇరవై ఎనిమిది పాయింట్ ఆరు అన్నాను. అంతకుముందున్న అంకెల్లాగే నమ్మేటట్టు చెబుతూ పేజీ నింపేశాను. చిన్నాయన పని పూర్తయినట్టు నాకు ఎంతో తృప్తిగా అనిపించింది.

మరుసటి ఆదివారం తాతయ్య భూతద్దం పెట్టుకొని రెండు ప్రతులూ సరిచూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి నన్ను పిలిచాడు. కొడతాడేమో అనుకున్నాను.

"వాడు కొలవని నీళ్ళకు నువ్వెట్ల లెక్క చెప్పినావు పాపా? రేపు ఎవురో చదువుకున్నోళ్ళు ఇది నిజమని నమ్ముతారు కదా" అన్నాడు మెల్లగా.

నాకు ఏడుపూ రోషమూ కలిసి వచ్చాయి. కెప్టెన్ జాబు నేను అంతకుముందే కూడబలుక్కొని చదివాను. అందులో ఉన్నవి మూడే వాక్యాలు.

"మరి నువ్వు చెప్పలేదా తాతా? చిన్నాయన అమ్మా అని పిల్చినాడని అవ్వకు చెప్పినావు. జాబులో అది లేదు కదా!"

తాతయ్య ముఖం పాలిపోయింది. తర్వాత నేను నింపించిన పేజీ చించేసి, కొత్త కాగితం మీద గీతలు గీసి, ఉన్న అంకెలు మాత్రం ఎక్కించాడు. ఖాళీ గడుల పక్కన "కొలవలేదు" అని ఇంగ్లీషులో రాశాడు. లేచి వంటింట్లోకి వెళ్ళాడు. అవ్వ అక్కడ నానబెట్టిన అనపగింజలు పితికి తొక్క తీస్తోంది. ఆయన గడప దగ్గరే కూర్చొని జాబులో ఉన్నదున్నట్టు చెప్పాడు.

అవ్వ చేతులు ఆగిపోయాయి. "అయితే వాడు నన్ను పిల్చలేదా?"

"తెలీదు. పిల్చినాడో లేదో ఎవురికీ తెలీదు. రాత్రి పండుకున్నోడు తెల్లారి లేయలేదు. అంతే రాసుండాది."

"మరి ఇన్ని దినాలు నేను ఎవురి మాట పట్టుకోని ఏడ్చినాను?"

అవ్వ కళ్ళు తుడుచుకోలేదు. మిగిలిన గింజలన్నీ పితికి, పొయ్యి మీద ఎసరు పెట్టింది. ఆనాటి నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది. పళ్ళెం ముందు పెట్టి వెళ్ళిపోయేది. ఇదంతా నా నోటిదురుసు వల్లే జరిగిందని నేను లోలోపల కుమిలిపోయాను.

తాతయ్య పార్సిలు కట్టడానికి కూర్చున్న రోజున అవ్వ వరండాలోకి వచ్చి నా పక్కన కూర్చుంది. చిన్నాయన రాసిన ఆఖరి అంకె ఏదో చూపించమంది. చూపించాను.

"ఇది వాడు రాసిందేనా? నిజంగా వాడే రాసినాడా?"

"అవునవ్వా. చిన్నాయనే."

ఆమెకు చదువు రాదు. ఆ అంకె మీద వేలు పెట్టి, పెన్సిలు గీత ఎటు తిరిగితే అటు మెల్లగా తిప్పింది. జ్వరంతోనే లేచి నీళ్ళు తోడి ఉంటాడా అని అడగబోయి తనే ఆగిపోయింది. కొంచెం సేపటికి తాతయ్య వైపు చూసి, "ఇంక కట్టు" అంది. చాలా రోజుల తర్వాత ఆమె ఆయనతో అన్న మొదటి మాట అది.

పెద్దయ్యాక నేను పాత ఓడల నోటుబుక్కులు కంప్యూటర్లోకి ఎక్కించే పనిలోనే చేరి, ఈ బెంగళూరులోనే రిటైరయ్యాను. ఖాళీ గడి రాగానే కుర్రవాళ్ళు అటూ ఇటూ ఉన్న అంకెలు చూసి సగటు వేసేద్దామా మేడమ్ అనేవాళ్ళు. వేస్తే వేయండి, కానీ అది మీరు వేసిందని పక్కన రాయండి అనేదాన్ని. అక్కడ అది తేలికే.

పోయినేడు మా ఆయన ఆసుపత్రిలో పోయారు. ఆ సమయానికి నేను కాఫీ కోసం కింది అంతస్తుకు వెళ్ళి ఉన్నాను. మైసూరు నుంచి మా అమ్మాయి పరుగున వచ్చి, నా రెండు చేతులూ పట్టుకొని, నాన్న చివర్లో నా కోసం అడిగారా అమ్మా అంది. అవునన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలీదు తల్లీ. ఆ నిమిషంలో నేను అక్కడ లేను" అన్నాను. అది కుప్పకూలి ఏడ్చింది. నేను చేసింది మంచో చెడో నాకిప్పటికీ తెలియదు. ఆ పొద్దున ఆయన రెండు ఇడ్లీలు తిన్నారని, చట్నీ కారంగా ఉందని ముఖం చిట్లించారని మాత్రం చెప్పాను. అది నేను దగ్గరుండి చూశాను.