మంగళవారం గడ్డం

ఆ రోజుల్లో మా యానాంలో మగవాడి గడ్డానికి కూడా ఒక పంచాంగం ఉండేది. మంగళవారం ఎవరికీ కత్తి తగలకూడదు, కొందరి ఇళ్ళల్లో శుక్రవారం, ఇంకొందరి ఇళ్ళల్లో శనివారం కూడా తగలకూడదు. అమావాస్య సరేసరి. పుట్టిన నక్షత్రం వచ్చిన రోజున వద్దు, ఇల్లాలు కడుపుతో ఉంటే నెలల తరబడి వద్దు. ఇన్ని పోగా మిగిలిన రోజున గడ్డం గీయించుకుందామని వెళితే అక్కడ అప్పటికే పదిమంది బల్ల మీద కూర్చుని ఉండేవారు. వింతేమిటంటే ఊళ్ళో పెద్ద సంత జరిగేది మంగళవారమే. ఆ రోజు మేకను అమ్మవచ్చు, ఎండుచేపలు కొనవచ్చు, బేరం కుదరక ఒకరి చొక్కా ఒకరు పట్టుకోవచ్చు, గడ్డం మాత్రం గీసుకోకూడదు. ఈ లెక్క నా ఇరవై మూడేళ్ళ బుర్రకు ఎక్కలేదు. అప్పుడు నేను ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి, సెలవు రోజుల్లో హేతువాదం మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. (ఇప్పటికీ హేతువాదినే. అప్పుడు అరిచేవాణ్ణి, అంతే తేడా.)

ఫరంపేటలో మా వీధి చివర క్షౌరశాల నడిపే పెద్దమనిషిని ఊరంతా పేరు పెట్టి పిలిచేది. నేను మాత్రం 'బాబాయ్' అనేవాణ్ణి. మనుషులంతా సమానమని మైకులో చెప్పేవాడు మైకు లేనప్పుడు ఆ మాత్రం చేయాలి కదా. ఒక మంగళవారం పొద్దున్నే వెళ్ళి ఆయన్ని నిద్ర లేపాను.

"ఈయాల మంగళారం బాబూ. కత్తి ముట్టుకోను."

"కుజుడు ఆకాశంలో ఎక్కడో తిరుగుతున్నాడు బాబాయ్. నా గడ్డం ఫరంపేటలో ఉంది. వాడికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"ఆడికీ దానికీ ఉందో లేదో నాకేం తెల్సు బాబూ. నాకూ మంగళారానికీ మాత్రం ఉంది. వారానికి ఈ ఒక్క రోజే నేను కాళ్ళు సాపుకుని పడుకునేది. మీ సైన్సు గెలిత్తే నా సెలవు పోద్ది."

"సెలవు కావాలంటే సెలవని బోర్డు పెట్టుకో. మధ్యలో గ్రహాలెందుకు?"

"ఒళ్ళు నొప్పులంటే సెలవు ఎవరిత్తారు బాబూ? కుజుడంటే అందరూ ఇత్తారు."

మూఢనమ్మకాల మీద నేను చాలా పుస్తకాలు చదివాను. ఈ మాటకు జవాబు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. నా మొహం చూసి జాలి పడ్డాడేమో, బాబాయే దారి చూపించాడు. "మీ తాతగారి కత్తి పెట్టెలో ఉండాలి. అంత పట్టుదలుంటే మీరే గీసుకోండి. నేర్పుతాను."

మా తాతయ్య ఫ్రెంచివాళ్ళ కాలంలో కచేరీ గుమాస్తా. దొర ఎవరో వెళ్ళిపోతూ ఇచ్చిన మడతకత్తి ఆయన ఆస్తుల్లో ఒకటి. ఎముక పిడి, జానెడు పొడుగు, తెరిస్తే పాము పడగ విప్పినట్టు నిశ్శబ్దంగా తెరుచుకునేది. నాకు దెయ్యమంటే భయం లేదు, దేవుడంటే భయం లేదు, ఆ కత్తి అంటే మాత్రం ప్రాణాలు పోయేవి. ఎందుకంటే మొదటి రెంటినీ నేను చూడలేదు. బాబాయ్ నాకు లేత సొరకాయ మీద పాఠం మొదలుపెట్టాడు. కాయకు సబ్బు నురగ పట్టించి, నూగు పోవాలి గాని తొక్క తెగకూడదన్నాడు. రెండు వారాల్లో ఆరు సొరకాయల గొంతులు కోశాను. ఏడోది బతికింది. "మీ చదువేమో గాని నాకు చెక్కు తీసే పని తప్పిందిరా" అని మా మామ్మ వాటన్నిటినీ పులుసు పెట్టేసింది. తోలుపట్టా మీద కత్తికి పదును పెట్టడం, చెంప లాగి పట్టుకోవడం, ఒక్కో గీతకీ కత్తికి అంటిన నురగను ఎడమ అరచేతి అంచుకు తుడుచుకోవడం, అన్నీ బాబాయ్ చేసినట్టే చేతికి అలవాటయ్యాయి. నెల తిరిగేసరికి రోజూ నా గడ్డం నేనే గీసుకుంటున్నాను.

తెగేది. తెగకుండా ఎలా ఉంటుంది? బుధవారం తెగేది, గురువారం తెగేది, ఆదివారం రెండు చోట్ల తెగేది. ఎవరూ అడిగేవారు కాదు. మంగళవారం దోమ కుట్టినంత ఎర్రగా కనిపించినా చాలు, సంతకు వెళ్ళేవాళ్ళు ఆగి మరీ చూసి "చెప్తే విన్నాడా!" అనుకుంటూ వెళ్ళేవారు. మూఢనమ్మకం బతికేది ఇలాగే. కలిసొచ్చిన వాటినే గుర్తుపెట్టుకుంటుంది, మిగతావి మరిచిపోతుంది. ఈ మాట మీద నేను గంట మాట్లాడగలను. అయితే ఎక్కడా చెప్పని సంగతి ఒకటుంది. వీధంతా చూస్తుందన్న దిగులుతో మంగళవారం పొద్దున నా చెయ్యి వణికేది. చెయ్యి వణికితే కత్తి ఊరుకోదు. నిజంగానే మంగళవారాలే ఎక్కువ తెగడం మొదలైంది. కుజుడు ఏమీ చేయనక్కరలేదు, ఆయన పని నేనే చేసిపెడుతున్నాను.

ఇలా ఏడాది గడిచాక ఒక ఆదివారం గ్రంథాలయం హాల్లో "చెడ్డ రోజులు ఉన్నాయా?" అని ఉపన్యాసమిచ్చాను. చివర్లో నాకు చిన్నప్పుడు తెలుగు చెప్పిన మాష్టారు లేచారు. ధోవతి, కండువా, మాటకు కట్టుబడే మనిషి.

"ఏరా అబ్బాయ్, నోటితో చెప్పింది మొహంతో చూపించగలవా? ఈ మంగళవారం పొద్దున గడ్డం గీసుకుని సాయంత్రం ఇక్కడికే రా. ఒక్క గాటు లేకుండా వస్తే మంగళవారానికి ఏ దోషమూ లేదని ఈ సభలోనే ఒప్పుకుంటాను. గాటు పడిందా, ఏడాదిపాటు ఈ విషయం మీద నువ్వు నోరెత్తకూడదు."

హేతువాది అయినవాడు అప్పుడేమనాలి? ఒక గడ్డంతో ఏదీ రుజువు కాదు, తెగినా కాదు, తెగకపోయినా కాదు అనాలి. నేను సరిగ్గా అదే అనబోయాను. ఈలోగా హాలంతా చప్పట్లు కొట్టింది. చప్పట్లు వింటే నా తర్కం ఎప్పుడూ లొంగిపోయేది. "అలాగే మాష్టారూ!" అన్నాను, ఎడమ చెయ్యి గాల్లోకి ఎత్తి. (ఉపన్యాసాల్లో నాకు ఎడమ చెయ్యి ఊపడం అలవాటు. ఈ చెయ్యిని గుర్తుంచుకోండి.)

ఇంటికి వచ్చాక భయం మొదలైంది. ఏడాది మౌనం! అన్నం లేకపోయినా బతికేవాణ్ణేమో గాని వాదన లేకుండా వారం బతకలేను. సోమవారం పొద్దున మడతకత్తి తెరిస్తే చెయ్యి అప్పుడే వణుకుతోంది. ఇంకా మంగళవారం రాలేదు. కత్తి మూసేసి, జీవితంలో మొదటిసారి సేఫ్టీ రేజరు గురించి ఆలోచించాను. ఉద్యోగస్తులు వాడతారని విన్నాను. పిల్లాడు గీసుకున్నా తెగదంటారు. మడతకత్తి పట్టినవాడికి దాన్ని ముట్టుకోవడం నామోషీయే. నామోషీ కన్నా భయం పెద్దది.

స్కూలు వదిలాక బజారులో ఫ్యాన్సీ కొట్టుకు వెళ్ళాను. కొట్టు శెట్టిగారికి ఊళ్ళో అందరూ తెలుసు, అందరికీ అన్నీ చెప్పడమూ తెలుసు. దువ్వెనలు చూశాను, అద్దాలు చూశాను, అక్కర్లేని తలనూనె వాసన చూశాను. చివరికి గొంతు తగ్గించి అన్నాను, "రేజరు... మా బావకి."

ఆయన గాజు బల్ల మీద మూడు రకాలు పరిచాడు. ఒకటి ప్లాస్టిక్ పిడిది, చేతిలో పెడితే బరువే లేదు, అంత తేలికైనదాన్ని గొంతు దగ్గరికి ఎలా నమ్మి పంపను? రెండోది పిడి తిప్పితే పైన రెండు తలుపులు చప్పున తెరుచుకుని బ్లేడు మింగడానికి సిద్ధంగా ఉంది. ఆ నోరు చూసి ఒక అడుగు వెనక్కి వేశాను. మూడోది ఇనుముది, విప్పితే మూడు ముక్కలు. మూడింటిలోనూ నన్ను భయపెట్టింది ఒకటే. పదును కనిపించదు. మా తాతయ్య కత్తి ఎంత క్రూరమైనదైనా ఎదురుగా నిలబడి కోస్తుంది. ఇవి ముసుగు వేసుకున్నాయి.

"మీ బావకి గడ్డం గట్టిదా, మెత్తదా తమ్ముడూ?" అన్నాడు శెట్టిగారు.

"మధ్యరకం."

"చెయ్యి స్థిరంగా ఉంటదా?"

"సోమవారం వరకూ... అదే, మామూలుగా ఉంటుందండీ."

"మనిషి భయస్తుడా?"

"కొంచెం."

"కొంచెం కాదులే, నీ మొహం చూత్తే తెలుత్తంది మీ బావ ఎలాంటోడో. ఈ ఇనపది తీసుకెళ్ళు. గట్టిగా బిగించమని చెప్పు. నొక్కొద్దని చెప్పు. దాని బరువుతో అదే దిగుద్ది."

ఇంటికి వెళ్ళి సాధన చేద్దామంటే సొరకాయ లేదు. "బీరకాయ ఉందిరా" అంది మామ్మ. బీరకాయకు నురగ పట్టించి గీశాను. ఈనెలన్నీ నున్నగా లేచిపోయాయి, లోపల కండకు గాటు పడలేదు. ధైర్యం వచ్చినట్టే వచ్చి, నా మొహం మీద ఈనెలు లేవని గుర్తొచ్చి పోయింది.

మంగళవారం తెల్లవారింది. తలుపు గడియ పెట్టుకుని రేజరును రెండుసార్లు బిగించాను. చెయ్యి అలవాటు కొద్దీ దాన్ని తీసుకెళ్ళి తోలుపట్టా మీద పదును పెట్టబోయింది. మడతకత్తికి వెన్ను ఉంటుంది, వెన్ను ముందు పెట్టి లాగితే తోలుకు ఏమీ కాదు. దీనికి వెన్నే లేదు, రెండు వైపులా నోళ్ళే. మా తాతయ్య తోలుపట్టా ముద్దుగా రెండు చోట్ల తెగింది. చెంప లాగి పట్టుకుని, శెట్టిగారి మాట తలుచుకుని, నొక్కకుండా దించాను. గరగరమని చిన్న చప్పుడు. నురగ పోయింది, గడ్డం పోయింది, చర్మం ఉంది. రెండో చెంప. ఉంది. పెదవి పైన, ముక్కు ఎత్తి పట్టుకుని, ఊపిరి ఆపి. అక్కడా ఉంది. గొంతు దగ్గర కళ్ళు మూసుకోవాలనిపించింది, మూసుకోకూడదని గుర్తొచ్చింది. అద్దంలో చూసుకుంటే ఏడాదిలో ఎన్నడూ లేనంత నున్నటి మొహం. ఒక్క గాటు లేదు! "కుజుడా, చూసుకో!" అని గట్టిగా అని, ఆ ఆనందంలో, ఏడాదిగా రోజుకు ఇరవైసార్లు చేసిన పనే చేశాను. రేజరుకు అంటిన నురగను ఎడమ అరచేతి అంచుకు ఒత్తి తుడుచుకున్నాను.

మడతకత్తిని పక్కకు వాల్చి తుడవవచ్చు. ఈ ముసుగుదాన్ని అలా తుడిస్తే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పలేదు. నురగ ఎర్రగా మారడం ముందు చూశాను, మంట తర్వాత తెలిసింది.

మామ్మ పసుపు నింపి గుడ్డ కట్టింది. "మంగళవారంనాడు..." అని మొదలుపెట్టింది.

"మామ్మా, తెగింది చెయ్యి. మొహం కాదు."

"మొహమే చూస్తాను, చెయ్యి చూడనని కుజుడేమైనా నీకు రాసిచ్చాడేంట్రా?"

సాయంత్రం ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో దాచుకుని హాల్లోకి వెళ్ళాను. ఎప్పుడూ రానివాళ్ళు కూడా సంత ముగించుకుని సంచులతో వచ్చారు. వెనక వరుసలో బాబాయ్ కూడా ఉన్నాడు, ఆయనకు సెలవు కదా. గాటు లేకుండా రమ్మన్నారు. మొహం మీదా, ఒంటి మీదా? మాష్టారు చెప్పలేదు, నేను అడగలేదు. ఈ సందేహం జేబులో పెట్టుకుని మాట్లాడటం అంటే నిప్పు మూటగట్టుకుని కూర్చోవడమే. గుడ్డ తడిసిందో లేదో చూసుకోవడానికి లేదు. ఏం మాట్లాడానో ఒక్క ముక్క గుర్తులేదు. జేబులో చెయ్యి పెట్టుకుని పెద్దల ముందు నిలబడ్డాడని ముందు వరుసలో ఎవరో గొణగడం మాత్రం గుర్తుంది.

మాష్టారు లేచి వచ్చారు. కళ్ళజోడు తుడుచుకుని, నా గడ్డం పట్టుకుని ట్యూబులైటు వైపు ఇటూ అటూ తిప్పి గుమ్మడికాయ ఎంచినట్టు ఎంచారు. "గాటు లేదు" అన్నారు సభ వైపు తిరిగి. "నేను ఓడిపోయాను." అని, నాకు అక్షరాలు దిద్దించిన ఆ చేతులు రెండూ ఎత్తి నాకు నమస్కారం పెట్టారు.

అంతకన్నా నా గొంతు కోసినా బాగుండేది. గురువు రెండు చేతులూ జోడిస్తే శిష్యుడు ఒక చేత్తో ఏం చేస్తాడు? దేవుళ్ళను కాదన్నాను గాని మాష్టారిని కాదనలేదు. జేబులోంచి చెయ్యి బయటికి వచ్చింది. పసుపూ నెత్తురూ కలిసిన గుడ్డ ట్యూబులైటు కింద మెరిసింది.

ముందుగా నవ్వింది బాబాయ్. "ఓరి బాబో! శెట్టిగారి కొట్లో కొన్నదాన్ని కత్తి తుడుచుకున్నట్టు తుడుచుకున్నారా? అది మంగళారం గాటు కాదండీ మాష్టారూ, సేఫ్టీ రేజరు గాటు. మా కత్తి పట్టినోడు దాన్ని పడితే ఏ వారమైనా ఇంతే!"

నన్ను కాపాడదామనే అన్నాడు, పాపం. మాష్టారు కళ్ళజోడు మళ్ళీ సర్దుకున్నారు. "సేఫ్టీ రేజరా? మంగళవారమంటే భయం లేదన్నావు కదరా అబ్బాయ్. మరి ఏడాదిగా వాడుతున్న కత్తి వదిలి దాన్నెందుకు కొన్నావు?"

కట్టు కట్టిన ఎడమ చెయ్యే ఎత్తి చెప్పాను.

"భయపడ్డాను మాష్టారూ. మంగళవారానికి కాదు. ఈ హాలుకి."

మాష్టారు నవ్వి తీర్పు చెప్పారు. "గెలుపులో మొహం నీది, చెయ్యి నాది. ఏడాదిలో సగం, ఆర్నెల్లు నోరు మూసుకో." (మూడు వారాలు ఆగాను.)

తర్వాత బ్లేడ్ల కోసం వెళితే శెట్టిగారు పలకరించాడు. "మీ బావకి చెయ్యి మానిందా తమ్ముడూ? అలాంటిదే మొన్న మాష్టారు కూడా తీసుకెళ్ళారు. ఆరి బావమరిదికంట."

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. మాష్టారు లేరు, బాబాయ్ లేడు. బాబాయ్ కొడుకు నడిపే క్షౌరశాలకు ఇప్పుడు "మంగళవారం సెలవు" అని బోర్డు ఉంది, కుజుడి పేరు ఎక్కడా లేదు. ఆ ఒక్క వాదన నేను గెలిచినట్టే లెక్క. నా ఎడమ అరచేతి అంచున సన్నటి తెల్లగీత ఇంకా ఉంది. ఆ ఇనప రేజరూ ఉంది. రోజూ పొద్దున దాన్ని ఒకసారి బిగించి గడ్డం గీసుకుంటాను, నొక్కకుండా. మంగళవారం మాత్రం, ఎందుకైనా మంచిదని, రెండుసార్లు బిగిస్తాను.