నిస్సీ వచ్చేదాకా గోడలైట్లు

ఎలిజబెత్ గొంతు వినని చెవి మా సందులో లేదు. ఆవిడ ఎవరికైనా రహస్యం చెబితే నాలుగిళ్ల అవతల పడుకున్న కుక్క లేచి కూర్చుంటుంది. "కాస్త మెల్లగా మాట్లాడవమ్మా, తల పగిలిపోతోంది" అని నేను మొత్తుకోని రోజు లేదు. "ఏం జెయ్యాలె మంగతాయారక్కా, కాన్పుల వార్డు గొంతిది, తగ్గమంటె తగ్గదు" అంటుంది. అదీ అరుస్తూనే!

అబద్ధమేమీ కాదులెండి. జనగామ వైపు పల్లె నుంచి పెళ్లి చేసుకుని నాచారం వచ్చిన మనిషి. భర్త పీటర్ ఇక్కడే ఫ్యాక్టరీలో పనిచేస్తూ, కూతురు నిస్సీ ఇంకా బడికి వెళ్తుండగానే పోయాడు. అప్పటికే ఎలిజబెత్ సర్కారు దవాఖానాలో ఆయా. కాన్పు అవ్వగానే వార్డు తలుపు తీసుకుని బయటికొచ్చి, వరండాలో ఎక్కడెక్కడో కూర్చున్న బంధువులకు వినబడేలా "మల్లమ్మ తాలూకు ఎవరు? బిడ్డ వచ్చింది!" అని కేకెయ్యడం ఆవిడ పనిలో ఒక భాగం. మగబిడ్డయినా ఆడబిడ్డయినా ఒకటే కేక. ఆ మాట పక్కనున్న ఆయాలు నేర్పినది కాదు, తనే పెట్టుకుంది. రిటైరయ్యి ఇంటికొచ్చినా ఆ గొంతు మాత్రం రిటైరవ్వలేదు, మా ప్రాణానికి.

మేము రాజమండ్రి వైపు వాళ్లం. మా ఆయన సత్యనారాయణమూర్తి ఉప్పల్లో ఒక కంపెనీలో గుమాస్తాగా చేశారు. మా అబ్బాయి హృషికేశ్ హబ్సిగూడలో కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. మా సందులో ఒక పక్కంతా ఇళ్లు, రెండో పక్క మూతపడ్డ ఫ్యాక్టరీ ప్రహరీ. వీధిదీపం స్తంభం నిలబెట్టడానికి చోటు లేనంత ఇరుకు. అందుకని సందులో వెలుగంటే ఇళ్ల గోడలకు బిగించిన లైట్లే. ఇనుప కొమ్మ, దానికో గాజు బుడ్డి, లోపల పసుపు బల్బు, బుడ్డి అడుగున నిరుటి పురుగులు. అదీ మా వైభవం.

ఇంకో సంగతి చెప్పాలి. మా సందులో ఏ ఇంట్లోనైనా సరే, ఇంటి చివరి మనిషి గడప దాటి లోపలికి రాగానే బయట లైటు ఆర్పేస్తారు. ఎవరూ ఎవరికీ చెప్పిన రూలు కాదు, అందరికీ అలవాటు. మా ఆయనకైతే అదొక సంధ్యావందనం. స్విచ్చి మీద చెయ్యిపెట్టి "అందరూ వచ్చేసినట్టేనా?" అని అడుగుతారు. ఉన్నది ముగ్గురం. నేనూ అబ్బాయీ ఆయన కళ్లెదురుగానే అన్నం తింటూ ఉన్నా సరే, ఆ ప్రశ్న అడగాలి, నేను "ఆఁ" అనాలి, అప్పుడే లైటు ఆరాలి.

నిస్సీ నాచారంలోనే మాత్రల కంపెనీలో చేరింది. పట్టీల్లో విరిగిన మాత్ర, ఖాళీగా ఉండిపోయిన గుంట పట్టుకుని పక్కన పెట్టడం ఆ పిల్ల పని. కళ్లు చురుకు, మాట తక్కువ. తల్లి మాటలన్నీ వాడేసింది కాబట్టి పిల్లకేం మిగల్లేదని నేను ఏడిపిస్తుంటాను. రెండో షిఫ్టు. వానాకాలం అయ్యేదాకా నాగా లేకుండా వస్తే పర్మినెంట్ చేస్తామన్నారు. ఆ సంగతి ఎలిజబెత్ మా అందరికీ ఎన్నిసార్లు చెప్పిందో. కంపెనీ బస్సు పదింటి తర్వాత మెయిన్ రోడ్డు మీద దింపితే, అక్కడి నుంచి సందులో నడిచి రావాలి. మధ్యలో ఒక మలుపు. ఆ మలుపులో వెంకటనర్సమ్మ ఇల్లు. ఆవిడ మొగుడు మొగిలయ్య పొద్దు గూకేసరికి ఇంట్లో ఉంటాడు కాబట్టి, ఆ గోడలైటు అందరికంటే ముందే ఆరిపోయేది.

ఒక రాత్రి నిస్సీ ఒక కాలికి చెప్పు లేకుండా పరిగెత్తుకొచ్చింది. మలుపులో ఎవడో చీకట్లో చున్నీ పట్టి లాగాడట. మొహం కనబడలేదు, నవ్వు మాత్రం వినబడిందట. నేను మంచినీళ్లు తీసుకెళ్లేసరికి తల్లి ఒళ్లో తల పెట్టుకుని "రేపటి సంది నేను పోనమ్మా" అంటోంది. వాడెవడో దొరికితే అట్లకాడ కాల్చి వాతలు పెడదును.

పొద్దున్నే ఎలిజబెత్ తమ్ముడు శాంసన్ మౌలాలి నుంచి వచ్చాడు. "మానిపియ్యి అక్కా. ఆడపిల్లకు గీ రాత్రి డ్యూటీలెందుకు?" అన్నాడు.

ఎలిజబెత్ టీ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "నేను ముప్పై ఏండ్లు నైటు డ్యూటీ జేసిన. అప్పుడు నువ్వొచ్చి మానమన్నవా? నా జీతం మీదనే సదువుకున్నవు గద? నా బిడ్డ పని మానదు. మానాల్సింది చీకటి" అంది. శాంసన్ టీ మిగిల్చి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఎలిజబెత్ అక్క కొడుకు... కాదు, చెల్లెలి కొడుకు బెన్నీ వచ్చాడు. ఎలక్ట్రీషియన్. పెద్దమ్మ మాటంటే వాడికి భయమూ భక్తీ రెండూ. ఆవిడ గోడకున్న పాత బుడ్డి పీకేసి, పెద్ద ఎల్ఈడీ ఫోకస్ లైటు సందుకేసి తిప్పి బిగించాడు. వెయ్యగానే అమ్మో, మా వంటింట్లో గిన్నెలు కూడా మెరిశాయి! ఎలిజబెత్ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇగ రమ్మను, ఎవడొస్తడో" అంది.

ఆ రాత్రి తనే మెయిన్ రోడ్డు దాకా వెళ్లి కూతుర్ని తీసుకొచ్చింది. నిస్సీ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచొచ్చింది. ఇంటి ముందు నిలబడి ఒకటే మాట అంది. "అమ్మా, గీ లైటుకు నేను అందరికి కనబడ్తున్న. నాకే ఎవ్వరు కనబడ్తలేరు."

నిజమే కదా! ఎదురుగా అంత వెలుగు కళ్లల్లో కొడుతుంటే, ప్రహరీ నీడలో నక్కినవాణ్ణి ఏం చూస్తుంది? బెన్నీ తల గోక్కుని, కిందికి మాత్రమే వెలుగు పడే చిన్న ఎల్ఈడీ గోడలైట్లు ఉంటాయనీ, అవి ప్రతి గోడకూ ఒకటి ఉంటే సందు నేలంతా పరుచుకున్నట్టు కనబడుతుందనీ చెప్పాడు. కానీ ప్రతి గోడకూ ఉండాలి. ఒక్క గోడ వదిలినా అక్కడ గుంట పడినట్టే.

ఇక చూడండి, ఎలిజబెత్ ప్రతాపం. పొద్దున ఒక గుమ్మం, మధ్యాహ్నం ఒక గుమ్మం. ఎవరి లైటు వాళ్లు కొనుక్కోవాలి, బిగించే పని బెన్నీది. మా ఆయన "ఉన్న బల్బు వెలుగుతోంది కదమ్మా" అని నసిగితే, "మూర్తన్నా, మీ బల్బు తినే కరెంటుతోటి గీ కొత్తయి పెట్టుకుంటే సందు సగం వెలుగుతది" అని గదమాయించింది. బెన్నీ మెయిన్ ఆపి, పాత బుడ్డి దింపి, వైర్లు చూసి, కొత్త లైటు బిగించి, వాన నీళ్లు లోపలికి పోకుండా గోడ కన్నం చుట్టూ సీలు పట్టించి వెళ్లాడు. ఎలిజబెత్ ఫోకస్ లైటుతో సహా ఒక్కో గోడా అలా మారింది.

వెంకటనర్సమ్మ మాత్రం ససేమిరా అంది. "మీ పిల్ల కోసం మా గోడకు తూట్లెందుకక్కా? మొన్ననే సున్నం ఏపిచ్చినం" అని మొహం మీదే చెప్పేసింది. ఆవిడ గోడే మలుపు. అది లేకపోతే మిగతావన్నీ దండగ.

ఎలిజబెత్ పోట్లాడలేదు. అదే నాకు ఆశ్చర్యం. ఆ రాత్రి నుంచి టార్చిలైటు పట్టుకుని, సరిగ్గా వెంకటనర్సమ్మ గోడకు ఆనుకుని నిలబడడం మొదలుపెట్టింది. మోకాళ్ల నొప్పులు, పైగా వానలు. కూతురు బస్సు దిగి మలుపు దాటేదాకా కదలదు. వెంకటనర్సమ్మ పలకరిస్తే "ఏం లేదు చెల్లె, లైటులెక్క నిలబడ్డ" అంటుంది. వారం తిరక్కుండానే ఒక జల్లు రాత్రి వెంకటనర్సమ్మ తలుపు తీసి, "ఏందక్కా నువ్వు, మా గోడకు గూటం కొట్టినట్టు! లోపల మాకు నిద్ర పడ్తదా? పెట్టుకో తల్లీ, ఆ లైటేందో పెట్టుకో!" అని అరిచింది. మర్నాడే బెన్నీ నిచ్చెన వేశాడు.

ఆ సాయంత్రం సందు చూసి నేనే బయటికొచ్చి నిలబడ్డాను. గోడ పొడుగునా వెలుగు కిందికి దిగి, ప్రహరీ మొదట్లో మొలిచిన గడ్డి కూడా కనబడుతోంది. ఎలిజబెత్ ముఖం వెలిగిపోతోంది. "ఇయ్యాల నేను పోను. నా బిడ్డ ఒక్కతే దర్జాగ వస్తది" అని ఇంట్లో కూర్చుంది.

పదింటికి ఫోను. నిస్సీ మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయింది. "అమ్మా, సందంత చీకటే ఉంది. నేను రాను."

ఎలిజబెత్ బయటికొచ్చింది. తన లైటు తప్ప ఒక్కటీ వెలగడం లేదు. "ఎవరు బంజేసిన్రు?" అని ఒక కేక వేసింది చూడండి, నా చేతిలో చెంబు జారింది. తలుపులన్నీ తెరుచుకున్నాయి. మొగిలయ్య లుంగీ సర్దుకుంటూ, "మేమందరం వచ్చినం గద అక్కా, బంజేసిన" అన్నాడు. మా ఆయన "మావాడు వచ్చేశాడుగా మరి" అన్నారు. అటు పక్కవాళ్లదీ అదే మాట. ఎవరి మనసులోనూ చెడ్డ లేదు. ఎవరి మనిషి వాళ్లింటికి చేరాడు, ఎవరి లైటు వాళ్లు ఆర్పుకున్నారు. ఎలిజబెత్ ఏమీ అనకుండా టార్చి తెచ్చుకుని, కుంటుకుంటూ మెయిన్ రోడ్డుకు వెళ్లింది. మా ఇంట్లో ఆ రాత్రి ఎవరం సరిగ్గా నిద్రపోలేదు.

పొద్దున్నే బెన్నీ సెన్సర్ల సంగతి తెచ్చాడు. "పొద్దు గూకంగనే అవే వెల్గుతయి పెద్దమ్మా, తెల్లారితే అవే బందయితయి. ఎవ్వల్ని అడిగే పని లేదు."

"అడిగే పని ఉండాలెరా" అంది ఎలిజబెత్. "లైటు ఒక్కటే ఉంటె ఏం లాభం? దాని ఎనక మనిషి మెలకువతోటి ఉన్నడని ఆ చీకట్ల నక్కెటోనికి తెల్వాలె."

అంతటితో ఊరుకోలేదు, అందర్నీ సందులోకి పిలిచింది. "మీరు రోజు అడుగుతరు గద, అందరు వచ్చిన్రా అని. గా లెక్కల నా బిడ్డను గూడ కలుపుకోండ్రి. గంతే. ఆమె గడప దాటంగనే నేను కేకేస్త. అప్పుడు బంజేసుకోండ్రి" అంది. ఎవరూ కాదనలేదు. ఏ మొహం పెట్టుకుని కాదంటాం?

అప్పట్నుంచి ప్రతి రాత్రీ ఆ కేక. "వచ్చింది! బిడ్డ వచ్చింది!" టకటకా లైట్లు ఆరేవి. కేక వినేదాకా మొగిలయ్య గుమ్మంలోనే బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. ఒకసారి బండి మీద ఇద్దరు కుర్రాళ్లు మలుపు దాకా వచ్చి, లైట్లనీ ఆయన్నీ చూసి, బండి తిప్పుకుని పోయారట. ఈ అరుపుల వల్ల నా నిద్ర పాడైందని నేను సణుగుతూనే ఉన్నాను. కానీ ఆ కేక వినకుండా నిద్ర పడితే ఒట్టు.

వానాకాలం చివర్లో ఎలిజబెత్‌కు జ్వరం వచ్చింది. గొంతు పూర్తిగా పోయింది. ఆ రాత్రి కుండపోత. నిస్సీ ఫోను కలవడం లేదు, పదకొండు కావస్తున్నా బస్సు జాడ లేదు. మా ఆయన స్విచ్చి దగ్గరికి వెళ్లి, "అందరూ వచ్చేసినట్టేనా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే, "అవునే, నిస్సీ రాలేదుగా" అని తనే అనుకుని, కుర్చీ లాక్కుని గుమ్మంలో కూర్చున్నారు. నేను గొడుగేసుకుని ఎలిజబెత్ దగ్గరికి వెళ్లాను. దుప్పటి కప్పుకుని గడప మీద కూర్చుని ఉంది. నోరు తెరుస్తోంది, గాలే వస్తోంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అరచేయి కాలిపోతోంది. వానలో గోడలైట్లు ఒక్కటి కూడా ఆరలేదు.

ఎంతసేపో తెలీదు. మలుపులోంచి ఒక్కసారిగా వెంకటనర్సమ్మ గొంతు లేచింది. "ఎలిజబెతక్కా! బిడ్డ వచ్చింది!" ఆ పక్కింట్లోంచి ఇంకో గొంతు, "బిడ్డ వచ్చింది!" ఆ పక్కింటి నుంచి ఇంకొకటి. మాట ఇంటింటికీ దాటుకుంటూ నిస్సీ కంటే ముందే మా దగ్గరికి వచ్చేసింది. వెనకే నిస్సీ, తడిసి ముద్దయి, గుండెలకు ప్లాస్టిక్ సంచి హత్తుకుని. "అమ్మా, ఆర్డర్ ఇచ్చిన్రు. పర్మినెంట్ జేసిన్రు" అంది.

ఎలిజబెత్ కూతురి తడిమొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని ఏడ్చేసింది, చప్పుడు లేకుండా. ఆ మనిషి చప్పుడు లేకుండా ఏడవడం నేను భరించలేకపోయాను. తల్లీకూతుళ్లను లోపలికి పంపి, సందు మధ్యలో నిలబడి, నా జన్మలో ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాను.

"ఏవండీ, ఆర్పెయ్యండి! అందరం వచ్చేశాం!"