పన్నెండో రూలుకు దారి

ఆ రోజుల్లో మా ఇంట్లో చదువంటే కంటితో చేసే పని కాదు, నోటితో చేసే పని. చిన్నప్పుడు నాకు తరచూ ఆయాసం వచ్చేది కాబట్టి బడికి పంపలేదు. వరంగల్ బజారులో ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం నడిపే మా తాతే, మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు నాకు చదువు చెప్పేవాడు. ఎక్కాలైనా, స్తోత్రమైనా, ఇంగ్లీషు గ్రామరైనా ఆయనది ఒకటే పద్ధతి. మొదటి నుంచి అందుకోవాలి, చివరిదాకా ఆగకూడదు, ఎక్కడైనా తడబడితే మళ్ళీ మొదటికి పోవాలి. "నడిమిట్ల అందుకున్న సదువు నడిమిట్లనే ఇడిచిపెడ్తది బిడ్డా" అనేవాడు. ఆ పద్ధతిలో నాకు అబ్బిన నాలుగు అక్షరాలకు ఈరోజుకూ తాతను తలచుకుని దండం పెట్టుకుంటాను. అదే పద్ధతి వల్ల మా చిన్నాయనకు జరిగినదానికి మాత్రం ఎవరికి దండం పెట్టాలో, ఎవరికి క్షమాపణ చెప్పుకోవాలో నాకింకా తేలలేదు.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. ఎనభైల మొదట్లో ఆయనకు పాతికేళ్ళుంటాయి, నాకు పదిహేను. ఆయనకు ఫుట్‌బాల్ పిచ్చి. పదో తరగతి నుంచీ ఆడిన మోకాలు ఒకరోజు గ్రౌండులోనే తిరగబడింది, దవాఖానలో డాక్టరు ఇక బంతి తన్నొద్దన్నాడు. ఆడకపోయినా సరే, ఆదివారం వచ్చిందంటే ఊళ్ళ నుంచి గిరాకీ దిగే వేళకు దుకాణం వదిలేసి గ్రౌండు గట్టు మీద కూర్చునేవాడు. చివరికి తాత అన్నం ముందర తీర్పు చెప్పాడు. "ఆడవు, పాడవు, గట్టు మీద కూసోని ఏం జేస్తవ్‌రా? నీ దోస్తులు ఏందో రిఫరీ పరీక్ష అంటున్నరు గదా, గది రాయి. పాసై కాయితం తెస్తే ఆదివారం నీది, నేను అడ్డం రాను. తప్పినవా, వారానికి ఏడొద్దులూ దుకాణం గద్దె మీదనే, మల్ల గ్రౌండు పేరు ఎత్తొద్దు." చిన్నాయన ముద్ద మింగకుండానే తలూపాడు. పరీక్షకు నెలా పదిరోజులుంది.

రూళ్ళ పుస్తకం పలచగా ఉండేది, కానీ మొత్తం ఇంగ్లీషే. చిన్నాయన ఇంగ్లీషు మా దుకాణం బోర్డు దగ్గరే ఆగిపోయింది. "బిడ్డా, జర నువ్వే చెప్పరాదు" అని నా ముందర బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒకరికి చదువు చెప్పడం నాకదే మొదలు. పొద్దున పూజయ్యాక పుస్తకానికి కూడా బొట్టు పెట్టి, పదిహేడు రూళ్ళనూ తెలుగులోకి దింపి, నోటికి పట్టేలా ఒక వరుసకు తెచ్చాను. (ఫుట్‌బాల్ ఆట నేను అప్పటికి ఒక్కసారి కూడా చూడలేదన్న సంగతి మా ఇద్దరికీ అడ్డం రాలేదు.) "మైదానం పొడవు నూరు గజాలకు తగ్గదు, బంతి గుండ్రన, పైన తోలు, జట్టుకు జనం పదకొండు…" అని నేను అనడం, ఆయన అనడం. తడబడితే మళ్ళీ మైదానం దగ్గరికి. పన్నెండో రూలు అన్నిటికన్నా కష్టం, తప్పులూ శిక్షలూ అన్నీ అందులోనే ఉన్నాయి. కాలు అడ్డం పెడితే ఏం చేయాలి, ఎదురు మాట్లాడితే ఎలా హెచ్చరించాలి, కొట్టినవాణ్ణి, బూతులు తిట్టినవాణ్ణి ఎలా బయటికి పంపాలి, అన్నీ. వంటింట్లో మా బాపమ్మ, అంటే తాత భార్య, పప్పు ఎనుపుతూ రోజూ వినేది. వినీ వినీ, "మీ దేవుడెవడోగానీ, మస్తు కోపం ఉన్నోడే" అంది.

హెచ్చరికకు పసుపు కార్డు, పంపించేయడానికి ఎర్ర కార్డు కావాలి కదా. అట్టముక్కకు పసుపు రాసి ఒకటి, ఎర్ర అగరుబత్తుల డబ్బా కత్తిరించి ఒకటి తయారు చేశాను. అవి జేబులో పడ్డ రోజు నుంచి చిన్నాయన చేతులు ఊరుకోలేదు. ఒక మధ్యాహ్నం "కూరల ఉప్పు తక్కువైంది" అన్నాడు. "ఉప్పు సరిగనే ఉన్నది, నీ నాలుకకే రోగమొచ్చింది" అంది బాపమ్మ. ఆయన లేచి నిలబడి, చెయ్యి పైకెత్తి పసుపు కార్డు చూపించాడు.

"ఏందిరా గది?"

"రిఫరీకి ఎదురు మాట్లాడినవే అమ్మా. హెచ్చరిక. ఇంకొక్కసారి మాట్లాడితే బయటికే."

"నన్నే బయటికి పంపుతవారా? ఇగో, పోతున్న. పొద్దుమీకి అన్నం ఎవలు వండుతరో నేనూ సూత్త" అని గరిటె కింద పెట్టేసింది. చిన్నాయన మొహం పాలిపోయింది. కార్డు జేబులోకి తోసేస్తూ నావైపు చూశాడు. నేను మెల్లగా, ఆట తిరిగి మొదలు కానంతవరకు రిఫరీ తన నిర్ణయం మార్చుకోవచ్చని అయిదో రూలు చెబుతోంది అన్నాను. "మార్చుకున్ననే, మార్చుకున్న" అని ఆయన గరిటె తీసి బాపమ్మ చేతికి అందించాడు. ఆ క్షణాన మా చదువు మీద నాకు గట్టి నమ్మకం కుదిరింది.

పరీక్ష రోజు పొద్దున రాత పరీక్ష హన్మకొండలో జరిగింది. అన్నీ రాశానని కబురు చేశాడు. సాయంత్రం గ్రౌండులో పరీక్ష. రెండు జట్లు నిజంగా ఆడుతుంటే ఒక్కొక్కరూ అరగంట సేపు విజిల్ ఊదాలి. మా తాత ఎన్నడూ లేనిది దుకాణం మూసి, నన్నూ బాపమ్మనూ రిక్షాలో వెంటబెట్టుకుని వచ్చాడు. పరీక్ష పెట్టే పెద్దాయన తెల్లటి గుడ్డ టోపీతో, కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. చిన్నాయన మైదానంలోకి వచ్చాడు. అయిదు నిమిషాలు గడవకముందే నీలం బనీనువాడు తెల్ల బనీనువాణ్ణి వెనక నుంచి నూకాడు, తెల్లవాడు బోర్లాపడ్డాడు. చిన్నాయన విజిల్ ఊదాడు. ఎంత చక్కగా ఊదాడో! నా గుండె పొంగిపోయింది.

ఆ తర్వాత ఏమీ జరగలేదు. చిన్నాయన నిలబడ్డచోటే నిలబడి ఉన్నాడు, పెదవులు మాత్రం కదులుతున్నాయి. పడ్డవాడు లేచి దులుపుకున్నాడు. నూకినవాడు తిట్లు తినడానికి సిద్ధంగా నిలబడి, ఎవరూ తిట్టకపోయేసరికి పక్కకు వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాడు. గట్టు మీద నుంచి ఎవరో "ఏందన్నా, నిలబడే నిద్రపోయినవా?" అని అరిచారు. "ఏయ్, దేవునికి మొక్కుకుంటాండు, జర ఆగుండ్రి!" అన్నాడు ఇంకొకడు. అప్పుడు నాకు తల మీద నీళ్ళు గుమ్మరించినట్టయింది. చిన్నాయన మొక్కుకోవడం లేదు. మైదానం కొలుస్తున్నాడు. మైదానం, బంతి, పదకొండుగురు, బూట్లు, అన్నీ దాటుకుంటూ పన్నెండో రూలుకు నడిచి వస్తున్నాడు. (రాత పరీక్షలోనూ ప్రతి ప్రశ్నకూ ఇలాగే మొదటి నుంచి నడిచి వచ్చి రాశాడట. అక్కడ టైము చాలింది.) చివరికి పసుపు కార్డు తీసి పైకెత్తి, "నూకింది ఎవలు?" అని అడిగాడు. అప్పటికి ఆయనకు గుర్తులేదు. పాపం ఆ నీలం బనీనువాడే "నేనే అన్నా" అని చెయ్యెత్తాడు.

అరగంటలో అలా అయిదుసార్లు జరిగింది. కార్నర్ కిక్కు పదిహేడో రూలు, అది ఇచ్చేసరికి ఇద్దరు ఆటగాళ్ళు గడ్డి మీద కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చేస్తోంది. ఆయన ఆదివారాలన్నీ నా చేతులతో నేనే పోగొట్టాను. తాత మాత్రం ముందుకు వంగి, పెదవుల కదలికే చూస్తూ, "ఒక్క అక్షరం పోనియ్యలే పిల్లగాడు" అని మురిసిపోతున్నాడు.

టోపీ సారు చిన్నాయనను పిలిచాడు. "ఏమయ్యా, పొద్దున మస్తు రాసినవ్ గదా. ఇక్కడేందిది?"

"నాకు వరుసగనే వస్తయి సార్."

"గట్ల ఎవరు నేర్పిండ్రు?"

చిన్నాయన నన్ను చూపించాడు. పరాయి మగవాళ్ళ ముందు నోరు విప్పి ఎరుగను నేను. అయినా వెళ్ళి నిలబడ్డాను. తప్పు నాది సార్, ఆయనది కాదు అని చెబుదామనుకున్నాను. అంతలోనే టోపీ సారు "నువ్వు చెప్పు తల్లీ, రిఫరీని బూతులు తిడితే ఏం చెయ్యాలె?" అని అడిగాడు. నాకు తెలియదా! రోజూ చెప్పే పాఠమే. చేతులు కట్టుకున్నాను, కళ్ళు మూసుకున్నాను, నోరు తెరిచాను. "మైదానం పొడవు నూరు గజాలకు తగ్గదు…"

ఆపుదామంటే ఆగదు. మూడో రూలు దగ్గర నా వెనక నుంచి ఇంకో గొంతు కలిసింది. బాపమ్మ! కొంగు తల మీదికి లాక్కుని, ఊగుతూ, నాకన్నా గట్టిగా అంటోంది. ఏడో రూలు దగ్గర టోపీ సారు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పన్నెండో రూలులో "బూతులాడిన వాణ్ణి బయటికి పంపాలి" అని ఇద్దరం ఒక్కసారే అని కళ్ళు తెరిచేసరికి, ఆయన కళ్ళ నీళ్ళు తుడుచుకుంటున్నాడు. నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళు.

"పెద్దోళ్ళ ఆట నీతోని కాదు తమ్మీ" అన్నాడు చిన్నాయనతో. "కాయితం ఇస్త, ఒక ఏడాది చిన్నపిల్లల మ్యాచులకే పో. వాళ్ళు కొట్టుకున్నా, నువ్వు పన్నెండుకు వచ్చేలోపల మల్ల దోస్తులైతరు." చిన్నాయన తాతను చూశాడు. తాత "చిన్న పిల్లలదైనా కాయితం కాయితమేనాయె. ఆదివారం నీదే, తీస్కో" అన్నాడు.

చిన్నాయన పాసవ్వాలని పరీక్షకు ముందే మొక్కుకున్న ప్రకారం పాలకుర్తి గుట్టెక్కి, గుళ్ళో కొబ్బరికాయ కొట్టి వచ్చాను. ఆ మరుసటి ఆదివారం చిన్నాయన విజిల్ మెడలో వేసుకుని, నాకు టాటా చెప్పి ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. భోజనాలయ్యాక అలవాటు కొద్దీ చాప పరిచి, పుస్తకం తీసి కూర్చున్నాను. ఎదురుగా ఎవరూ లేరు. మొదటి రూలు చెప్పి ఆగాను. తిరిగి అనేవాళ్ళు లేకపోతే అది పాఠం కాదని అప్పుడే తెలిసింది. ఆ నెలా పదిరోజులూ నాకొక శిష్యుణ్ణిచ్చిన దేవుడికి నేనెంతో రుణపడి ఉన్నాను. అయినా, గుట్ట మీద అంత గట్టిగా కళ్ళు మూసుకుని నిలబడ్డ ఆ పిల్లను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కాస్త తెలివి ఉంటే ఆ పిల్ల పరీక్షకు ముందు "స్వామీ, మా చిన్నాయనను పాస్ చేయించు, కానీ ఒక్కసారి తప్పి, మళ్ళీ నా ముందర కూర్చుని చదివాక చేయించు" అని మొక్కుకునేది.