చెప్పి ముట్టుకో

నాకు కోపం తొందరగా వస్తుంది, ఆలస్యంగా పోతుంది. కొన్ని కోపాలు పోనే పోవు. ఇది అలాంటి ఒక కోపం గురించి. ఆ ఆసుపత్రి ఏ ఊళ్ళో ఉందో చెప్పను. కడప జిల్లాలో అంటే చాలు. ఎంతోమంది అక్కడ ప్రాణాలు దక్కించుకున్నారు, దాని పేరు చెడగొట్టి నేను బావుకునేదేమీ లేదు.

మాది జమ్మలమడుగు పక్కన నేతపని చేసే ఇల్లు. పంతొమ్మిదివందల యాభైల్లో మా వాళ్ళలో ఆడపిల్ల నర్సు పని నేర్చుకోవడానికి పోతుందంటే, దొంగతనం నేర్చుకోవడానికి పోతున్నట్టు చూశారు. "ఎవురి ఒంటి మీదనో చెయ్యేసే పని" అని మా మేనత్త మూతి ముడిచింది. మా నాన్న మగ్గం గుంటలోంచి తల కూడా ఎత్తకుండా, "గుడ్డ నేసేది ఎవురి ఒంటికోసరం? పోనీలే" అన్నాడు. ఆ ఒక్క మాట మీద నేను ట్రంకుపెట్టె సర్దుకుని బస్సెక్కాను.

ఆసుపత్రిలో మాకు పని నేర్పింది పెద్ద సిస్టరమ్మ. ఆవిడది గుంటూరు వైపు. మనిషి పొట్టి, గంజి పెట్టిన టోపీతో కలిపి కొలిస్తే కొంచెం పొడుగు. మొదటిరోజే నన్ను ఖాళీ మంచం మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమంది. నేను మూసుకుని, ఏం నేర్పుతుందో అని ఎదురుచూస్తూంటే, ఉన్నట్టుండి తడిగుడ్డ ఒకటి నా మెడ మీద పడింది. నేను కెవ్వుమని లేచి కూర్చున్నాను. నాతోపాటు చేరిన పిల్లలు పకపకా నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"చూశావా? రోగికి రోజంతా ఇదే. కళ్ళు తెరుచుకునే ఉంటాడు, కానీ ఎవరొచ్చి ఎక్కడ ఏం చేస్తారో తెలీదు. అందుకని చెప్పి ముట్టుకో. ఏం చేస్తావో చెప్పు, ఎంతసేపు పడుతుందో చెప్పు, నొప్పి పుడితే పుడుతుందని చెప్పు. నొప్పి ఉండదని ఒకసారి అబద్ధమాడితే, రెండోసారి నీకు చెయ్యి చాపడు."

ఒళ్ళు తుడిచే నీళ్ళ వేడి ముందు మన మోచేతి మీద చూసుకోవడం, మనిషిని పక్కకు తిప్పేటప్పుడు దుప్పటితో సహా తిప్పడం, పడుకున్నవాడి మడమల కింద మెత్తటి గుడ్డ పెట్టడం, ఇవన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆవిడ నడిచినట్టే నడిచేదాన్ని. చెప్పులు చప్పుడు కాకుండా ఆ నాపరాళ్ళ మీద ఎలా నడుస్తుందో గమనించి గమనించి, చివరికి నాకూ అదే నడక వచ్చేసింది. మా అమ్మ చూసి, "ఏందే, పిల్లి మాదిరి పోతాండావు" అని ఎగతాళి చేసింది.

శిక్షణలో రెండో ఏడు, ఎండలు ఇంకా ముదరక ముందు ఆయన వచ్చాడు. మా వాళ్ళే, నేతగాడు. యాభై దాటి ఉంటాయి. చక్కెర జబ్బు. మగ్గం గుంటలో కాళ్ళతో తొక్కే పలక చీలి, దాని పేడు కుడిపాదంలో గుచ్చుకుంది. పసుపు పెట్టారు, ఆకుపసరు పోశారు, పుండు లోపలికి పోయింది. వేళ్ళు నల్లబడ్డాక ఎడ్లబండి మీద తెచ్చారు. మా ఊరు, మా నాన్న వివరాలు అడిగి, దూరపు వరస ఏదో కలిపి, ఆయన నన్ను పాపా అన్నాడు. నేను పెద్దనాయనా అన్నాను.

మొదటిరోజు ఆ పాదం కడుగుతూ, నేర్పిన ప్రకారం చెప్పాను.

"పెద్దనాయనా, నీళ్ళు పోస్తాండా. గోరువెచ్చగా ఉండాయి."

"నాకి చెప్పేదెందుకు పాపా? ఆ కాలికి ఏం తెలీదు. నిప్పు పెట్టినా తెలీదు."

"తెలీదు కాబట్టే చెప్తాండా."

ఆయన దిండు సర్దుకుని వెనక్కి వాలాడు. ఆ రోజు నుంచి ఇంకెవరినీ కట్టు విప్పనిచ్చేవాడు కాదు. నేను వచ్చేదాకా ఆగేవాడు. నేను చెప్తూ చేసేదాన్ని, ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. కాలికి తెలియనిది చెవికి తెలిసేది.

ఒకరోజు కట్టు కట్టడం అయ్యాక, చెయ్యి చాపాడు.

"పాపా, చేతిలో చెయ్యెయ్. ఈ కాలు కొయ్యాల్సొస్తే ముందు నాకి చెప్పల్ల. నువ్వే చెప్పల్ల. ఒప్పుకుంటానో లేదో తర్వాత సంగతి. రెండు కాళ్ళూ ఆడకపోతే మగ్గం ఆడదు, నీకు నేను చెప్పాల్నా? చెప్పకుండా మాత్రం కొయ్యగూడదు."

మా వైపు చేతిలో చెయ్యేసి మాటిస్తే ఇంక దానికి కాగితం అక్కర్లేదు. సంబంధాలు అట్లాగే ఖాయమయ్యేవి, పగలు అట్లాగే తీరేవి. కాగితమంటే కచేరీలో సర్కారువాళ్ళ కోసం ఉండేది. దాని మీద వేలిముద్ర వెయ్యమంటే, చదివి వినిపించమని కూడా అడక్కుండా వేసేవాళ్ళు. మాట చేతిలో ఉన్నాక కాగితంలో ఏముంటే ఏం? మాట తప్పినవాడి ఇంట్లో మాత్రం పచ్చి మంచినీళ్ళు ముట్టేవాళ్ళు కాదు.

నేను చెయ్యేశాను. పెద్ద సిస్టరమ్మకి అదేరోజు చెప్పాను కూడా. ఆవిడ నా భుజం తట్టింది. "మంచిపని చేశావు. నిన్ను నమ్మాడంటే సగం నయమైనట్టే" అంది. నాకు ఆ పూట అన్నం అక్కర్లేకపోయింది.

తర్వాత శనివారం పెద్ద డాక్టరు ఆ మంచం దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాడు. ఇంగ్లీషులో ఏదో అన్నాడు, సిస్టరమ్మ తల ఊపింది. నాకు వచ్చిన ఇంగ్లీషు మందుసీసాల మీదిదే. ఆ మధ్యాహ్నం సిస్టరమ్మని వరండాలో పట్టుకుని అడిగాను.

"కాలు తియ్యాలన్నారా సిస్టరమ్మా?"

"ఇంకా చూద్దామన్నారు. ఏమైనా ఉంటే ముందు నీకే చెప్తానుగా" అని, "నువ్వు ఇంటికెళ్ళి నాలుగు నెలలైంది కదూ? ఒంటిమిట్ట తిరునాళ్ళు జరుగుతున్నాయి. మీ అమ్మగారిని అక్కడికి రమ్మని కబురు పెట్టుకుని వెళ్ళిరా. మంగళవారానికి వస్తే చాలు" అంది.

నేను అడగలేదు. అడగని సెలవు దొరికితే ఎవరైనా ఎందుకని ఆలోచించాలి. నేను ఆలోచించలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను, ఎంత మంచి మనిషో అని.

పెద్దనాయనకి చెప్తే ఆయనే తొందరపెట్టాడు. "పో పాపా, పోయిరా. నా కాలికోసరం ఆ రామయ్యకి మొక్కుకో" అన్నాడు.

సోమవారం పొద్దున ఎండెక్కాక, ఒంటిమిట్ట గుడి చుట్టూ ఆయన కాలి పేరున పదకొండు ప్రదక్షిణలు చేశాను. కింద రాళ్ళు కాలిపోతున్నాయి. "ఎవురికే ఇంత మొక్కు?" అని మా అమ్మ నీడలో కూర్చుని అడుగుతోంది. నేను లెక్క తప్పుతానని జవాబు చెప్పలేదు. ప్రసాదం కాగితంలో పొట్లం కట్టుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం వార్డులోకి వచ్చేసరికి, ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దుప్పటి ఎడమవైపు పాదం దగ్గర ఎత్తుగా ఉంది. కుడివైపు మోకాలి కింద నుంచి చదునుగా ఉంది.

ఆయన భార్య నన్ను చూసి వరండాలోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది.

"నిన్న పొద్దున పెద్ద సిస్టరమ్మ కాగితం తెచ్చె పాపా. పుండు శుబ్రం చేసేదానికి మత్తిస్తాం, ఏది అవసరమైతే అది చేస్తాం, ఈడ వేలిముద్ర ఎయ్యండి అనె. ఈయప్ప, మా పాప యాడ, పాపని రానీ అనె. దానికి ఆయమ్మ, 'మీ పాప ఊరికెళ్ళింది కదా, ఏమైనా ఉంటే మీకు చెప్పకుండా వెళ్తుందా?' అనె. ఈయప్ప నవ్వినాడు పాపా. 'నిజమే, కోసేదే ఉంటే పాప చెప్పకుండా పోదులే' అని ముద్ర ఏసినాడు."

నేను చెప్పలేదు కాబట్టి కొయ్యరనుకున్నాడు. నా మాట మీద ఆయనకున్న నమ్మకాన్నే కత్తిగా చేసి ఆయన కాలు కోశారు. నమ్మించి గొంతు కోయడం అంటారు. ఇక్కడ నమ్మింది ఆయన, నమ్మించింది నేను, కోయించింది ఆవిడ.

వార్డు పుస్తకం తీసి చూశాను. శనివారం పొద్దున డాక్టరు వచ్చిపోయిన టైము వేసి, ఆపరేషన్ సోమవారం అని ఆవిడ గుండ్రటి అక్షరాల్లో ఉంది. దాని కిందే, అదే సిరాతో, నాకు సెలవు. వరండాలో నేను అడగక ముందే రెండూ రాసేసింది.

ఆవిడ మందుల గదిలో సూదులు ఉడకబెడుతోంది. పుస్తకం బల్ల మీద పెట్టాను.

"నువ్వుంటే చెప్పేస్తావు" అంది, పుస్తకం వైపు చూడకుండానే. "చెప్తే ఒప్పుకోడు. ఒప్పుకోకపోతే వారంలో చస్తాడు. నన్నేం చెయ్యమంటావు?"

"చెప్పి ముట్టుకోమన్నది మీరే కదా సిస్టరమ్మా."

"అది ఒళ్ళు తుడిచేటప్పుడు."

అంతే అంది. మూత తీసి, సూదులు పట్టకారుతో ఒక్కొక్కటే పళ్ళెంలోకి తీసింది. నాకు ఆ పళ్ళెం ఎత్తి గోడకి కొట్టాలనిపించింది. కొట్టలేదు. సూదులు మళ్ళీ ఉడకబెట్టాల్సి వస్తుందని ఆగాను, అంత బాగా నేర్పింది మరి!

ఆవిడ చెప్పింది తప్పని అనను. ఆ విషం పైకి పాకితే ఆయన బతికేవాడు కాదు. కానీ ఒప్పుకోడని ఆవిడకెలా తెలుసు? ఒక్కపూట నన్ను ఆయన పక్కన కూర్చోనిస్తే, చీలిన పలక మారిస్తే మగ్గం ఆడినట్టు, ఈ కాలు పోతే మనిషి మిగులుతాడని మా భాషలో చెప్పేదాన్ని. ఒప్పుకునేవాడేమో. తిట్టేవాడేమో. ఏడ్చి, రెండోరోజు సరే అనేవాడేమో. ఇన్నేళ్ళయినా నాకు తెలీదు. తెలుసుకునే వీలు మా ఇద్దరికీ లేకుండా చేసింది, అదీ నా కోపం. నన్ను కడుపులో పెట్టుకుని పెంచి, అక్కర వచ్చినప్పుడు పనిముట్టులా వాడుకుంది.

మర్నాడు పొద్దున కట్టు మార్చే పని నాకే వేసింది. ఎనామిల్ బేసినూ, ఉడికించిన గుడ్డలూ తీసుకుని వెళ్ళాను. ప్రసాదం పొట్లం కూడా పెట్టుకున్నాను. ఆయన ఈసారి గోడ వైపు తిరగలేదు. పైకప్పు చూస్తున్నాడు.

"పెద్దనాయనా, నాకి తెలీదు. నన్ను ఊరికి పంపించి చేసినారు" అన్నాను.

"యాడికి పోయింటివి?"

"ఒంటిమిట్టకి. నువ్వు మొక్కుకోమంటివి కదా."

ఆయన నవ్వినట్టు పెదవులు కదిలాయి. "మొక్కుకుంటివా?"

"మొక్కుకున్నా."

పొట్లం మంచం మీద పెట్టాను. ఆయన ముట్టలేదు. నాకు ఇంకేం చెయ్యాలో తోచలేదు. చెయ్యి చాపాను.

"చేతిలో చెయ్యేసి చెప్తాండా పెద్దనాయనా. నాకి నిజంగా తెలీదు."

ఆయన నా చేతిని చూశాడు. తర్వాత తన చెయ్యి దుప్పటి కిందికి లాక్కున్నాడు.

నేను చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, బేసిను దగ్గరికి జరుపుకుని, అలవాటు కొద్దీ మొదలుపెట్టాను. "కట్టు విప్పుతాండా. రెండు నిమిషాలు మంటగా..."

"చెప్పద్దు పాపా" అన్నాడు. "ఈడ చెప్పకుండానే కదా చేసేది. చెయ్."

ఆయన పట్టుకోని ఆ చేత్తోనే కట్టు విప్పాను, ఏమీ చెప్పకుండా.